గండభేరుండం గాటు

మబ్బుకొండ కోటలో చెన్నాంబిక అనే దొరబిడ్డ ఉండేది, ధైర్యానికి లోటు లేదు గానీ, "నాన్నగారైతే ఏం చేసేవారు?" అనుకోనిదే చెప్పులో కాలు కూడా పెట్టేది కాదు.

మీరు ఫోన్లలో ఆడే ఆటల్లో వంశానికో జెండా, జెండా మీద ఓ వింత జంతువు ఉంటాయి చూడండి, అలాంటి వంశమే వాళ్లది. వాళ్ల జెండా మీద రెండు తలల గండభేరుండం ఉండేది. ఆ పక్షి కొండ కొమ్మున గూడు కట్టుకుని కోటను కాపాడుతోందని అందరి నమ్మకం. గద్దె ఎక్కబోయేవారు ఒంటరిగా కొండెక్కి దాని ముందు నిలబడాలి. అది గోటితో చేతి మీద గాటు పెడితే వారే దొర. గాటు లేకుండా దిగితే పొద్దు గుంకేలోగా కోట విడిచి పోవాలి. మిగతావాళ్లెవరైనా ఆ కొండ మీద కాలు పెడితే కళ్లు పోతాయని చెప్పేవారు. పక్షికి ఆహారమని ఏటా ఇంటికో మేకపిల్లను కొండ వాకిట కట్టి రావాలి. తమకు గంజికి గతి లేకపోయినా సరే, మేకపిల్లను మాత్రం కట్టాల్సిందే!

చెన్నాంబిక తండ్రి తిప్పరాయుడు కన్నుమూశాడు. ఆడైనా మగైనా పెద్దబిడ్డకే గద్దె అని ఆ వంశం కట్టుబాటు. అది ఆమె చిన్నాన్న సింగరాయుడికి మింగుడుపడలేదు.

"గాజుల చేతికి గాట్లెందుకే అమ్మాయీ? నువ్వు ఉత్త చేతులతో దిగొచ్చేసరికి గద్దె దులిపించి ఉంచుతాలే, నా కోసం" అన్నాడు నలుగురిలో.

"నాన్నగారు ఎక్కిన కొండే కదా చిన్నాన్నా. నేనూ ఎక్కుతాను" అంది చెన్నాంబిక.

ఎక్కింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరి బండ మీదికి పాకి, కళ్లు మూసుకుని, చెయ్యి చాచి నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. మెల్లగా కళ్లు తెరిచింది.

గూట్లో పక్షి లేదు. ఎముకలున్నాయి. రెండు పుర్రెల మీద నాచు పట్టింది. డొక్కల మధ్య నుంచి రావిచెట్టు మొలిచి, కౌగిలికి అందనంత లావైంది. దాని మొదట్లో తుప్పు పట్టిన చాకులు కొన్ని పడి ఉన్నాయి. ఒకదాని పిడి మీద తండ్రి పేరు ఉంది.

చిన్నప్పుడు నాన్న చేతి మీది మచ్చను ముద్దు పెట్టుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఆ మచ్చ ఈ చాకుది! నాన్న మీద ఎంత కోపం వచ్చిందో, అంత ఏడుపూ వచ్చింది.

నాన్నగారైతే ఏం చేసేవారు? జవాబు ఎదురుగానే తుప్పు పట్టి పడి ఉంది. ఒక్క గీత చాలు, గద్దె తనది. లేదంటే సాయంత్రానికి కట్టుబట్టలతో వీధిన పడాలి. నడుముకున్న చాకు తీసి ముంజేతి మీద ఆనించింది.

అప్పుడే కింద వాకిట ఆ ఏటి మొక్కుబడికి కట్టిన మేకపిల్లలు మే... మే... అని అరిచాయి. పక్షే లేనప్పుడు, ఇన్నేళ్లుగా ఆ మేకల్ని ఎవరు తిన్నట్టు? ఏటా ఆ మొక్కుబడి మర్నాడు తమ ఇంట్లో ఘుమఘుమలాడే మాంసం గుర్తొచ్చింది. తనూ లొట్టలేసుకుంటూ తిన్నదే. చాకు దోపేసి కొండ దిగింది.

"పక్షి లేదు. మా తాతల నాడే చచ్చిపోయింది. మా నాన్నగారి గాటు చాకుతో పెట్టుకున్నది. మీ మేకల్ని తిన్నది మేమే" అంది అందరి ముందు.

జనం నోళ్లు వెళ్లబెట్టారు.

"పిరికిపంద! సగం దారిలోంచి పారిపోయి వచ్చి కట్టుకథలు చెబుతోంది. చచ్చిన తండ్రి పరువు కూడా తీస్తోంది, చూశారా!" అని సింగరాయుడు రంకెలేశాడు. "గద్దెకు అది కాకపోతే నేనున్నాను!" అంటూ గబగబా కొండెక్కాడు.

ఎక్కినంత వేగంగానే దిగాడు. ముంజేతి నుంచి నెత్తురు కారుతోంది. "అబ్బో, ఏం పక్షి! రెండు నోళ్లతో అరిచి ఒక్క దెబ్బ వేసింది!" అన్నాడు. జనం చేతులు జోడించారు. కోట సైన్యానికి పెద్ద అయిన దళవాయి రాజముద్ర ఉంగరం పట్టుకుని సింగరాయుడి వైపు నడిచాడు.

చెన్నాంబిక పరుగున పోయి కొండ వాకిలి గడియ లాగేసి తలుపులు బార్లా తెరిచింది.

"నా మాట నమ్మొద్దు. చిన్నాన్న మాటా నమ్మొద్దు. మీ కళ్లు మీకున్నాయి. వచ్చి చూడండి!"

ఒక్కరూ కదల్లేదు. పొద్దు వాలిపోతోంది. అంతలో కోనమ్మ అనే ముసలమ్మ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఉన్న ఒక్క మేకపిల్లనూ ఆ పొద్దునే కట్టి పోయిన మనిషి.

"పోతే నా కళ్లే కదా, ఎలాగూ సగం పోయాయి. నా మేకల్ని మింగిందెవరో చూసే చస్తాను" అంటూ వాకిలి దాటింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక పదిమంది, ఆ వెనక కోటంతా కదిలింది.

కాసేపటికి, జనం చెయ్యందించి ఎక్కించిన కోనమ్మ కొండ మీంచి కేకేసింది. "చిన్నదొరా! తమర్ని గీరింది ఈ ఎముకలేనా?"

సింగరాయుడు అప్పటికే గుర్రమెక్కి ఉడాయించాడు.

జనం కోపంగా దిగొచ్చారు. చెన్నాంబిక తల వంచుకుని, "నాకూ గాటు లేదు. నేనూ వెళ్తాను" అంది.

"ఎక్కడికి తల్లీ?" అని కోనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "మా నోటికాడ కూడు తిన్నారు. అది మేం మరిచిపోం. కానీ తిన్నామని ఒప్పుకున్న నోరు మీ వంశంలో నీదొక్కటే. వెళ్లి కూర్చో."

దళవాయి ఆమె వేలికి రాజముద్ర తొడిగాడు. చెన్నాంబిక వెంటనే మేకపిల్లల కట్లు విప్పించింది.

పెద్దల గద్దెకు వారసులం కావచ్చు గానీ, పెద్దల అబద్ధానికి మాత్రం వారసులం కాకూడదు.