గవరమ్మ మూడో దీపం

నూకాచారి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చేతిలో పని చూసుకుంటారు. బొమ్మలు చెక్కే లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్ర నున్నబడి, దాని ఒంటికి లక్క రంగు పట్టేదాకా తలెత్తరు. అడిగినవాళ్ళలో సగం మంది ఆలోపే లేచిపోతారు. కూర్చున్న సగానికైనా జవాబు దొరుకుతుందన్న నమ్మకం లేదు. మాస్టారు చెప్పరు, ఏదో ఒకటి జరిగేదాకా ఆగుతారు అని ఏటికొప్పాకలో ఆయన దగ్గర బొమ్మల పని నేర్చుకున్నవాళ్ళు విసుక్కుంటారు.

వింధ్య ఆగే మనిషి కాదు. విశాఖపట్నంలో, టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. కొత్త పెట్టెకు ప్లాస్టిక్కు బదులు లక్క పూసిన కర్ర తొడుగు వేద్దామన్న ఆలోచన ఆమెదే. ఆ పని చేతులతో తెలుసుకోవాలని ఆరు నెలలుగా శని, ఆదివారాలు నూకాచారి గారి ముందు పీట వేసుకుని కూర్చుంటోంది. ఒక శనివారం పెట్టెను సంచిలో పెట్టుకొచ్చింది. దానితోపాటు ఒక ప్రశ్న తెచ్చింది.

“గురువుగారూ, ఆటలాడే పెట్టె ఇంట్లో కంప్యూటరు చేసే పనులు కూడా చేయాలా, వద్దా?”

కంపెనీలో ఈ మాట మీద రెండు పక్షాలు తేలాయి. తీర్పు వింధ్య చేతిలో పెట్టారు. పది రోజుల్లో ఆమె రాసిచ్చే ఉత్తరాన్ని బట్టి పెట్టె తయారవుతుంది, ఊళ్ళలోకి వెళ్తుంది. అడిగిందన్న మాటే గానీ ఆమె జవాబు ఆమె దగ్గరే ఉంది.

“రెండు గదుల ఇంట్లో రెండు యంత్రాలు ఎక్కడ పెట్టుకుంటారండీ? పిల్లల పాఠాలు, ఉత్తరాలు, ఫోటోలు, పెద్దవాళ్ళ మాత్రల వేళలు, అన్నీ చూడగల బుర్ర దీనికుంది. అంత బుర్రను ఉత్త ఆటలకి కట్టేసి ఉంచడం దుబారా. కంప్యూటరంటే బెదిరే ముసలివాళ్ళు బొమ్మంటే బెదరరు. వద్దనేవాళ్ళు ఎవరి తరఫున వద్దంటున్నారు? ఇంట్లో ఇప్పటికే కంప్యూటరు ఉన్నవాళ్ళ తరఫున.”

వాదన గట్టిదే. గట్టి వాదనలకుండే జబ్బు దీనికీ ఉంది. ఎదుటివాళ్ళు నోరు మెదపకపోతే గెలిచేశామనుకుంటుంది.

నూకాచారి గారు చేతిలో ఉన్న బొంగరానికి పసుపు పట్టించి దించాక అన్నారు. “ఆ పెట్టిని మా ఇంట్లో పెట్టు. పది రోజులుండనీ.”

“మరి జవాబు?”

“నాకేటి తెలుసమ్మా. దాన్నే అడుగుదాం.”

ఇల్లు పనిపాక వెనకే. అందులో ఆయనా, ఆయన అక్క గవరమ్మా ఉంటారు. ఆవిడకు డెబ్బై ఆరు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు గుండె మాత్ర ఒకటి వేసుకోవాలి. ఆ వేళకు నూకాచారి గారు లేతు ఆపి, పాకలోంచే “అక్కా, మాత్ర” అని కేకేస్తారు. “ఏసీసుకున్నాన్లే, ఊరంతా ఇనాలా” అని లోపల్నుంచి సమాధానం వస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస.

వింధ్య పెట్టెను టీవీకి కలిపి, మాత్రల పని దానికి అప్పజెప్పింది. కొత్త మాత్రల అట్ట ఒకటి తెరిచి కిటికీలో పెట్టింది. పిలుపు వినబడగానే మాత్ర వేసుకుని, చేతిలో పట్టే ఆటమీటల పలక మీద ఆకుపచ్చ మీట నొక్కాలని గవరమ్మకు నేర్పింది. నొక్కగానే పెట్టె “శభాష్” అంది.

“ఇదేటి, నీ గొంతే,” అంది గవరమ్మ.

“పరీక్షకని నా గొంతే పెట్టాం మామ్మా. తరవాత మారుస్తాం.”

“నువ్వు ఊరెళ్ళిపోయినా నీ గొంతు ఇక్కడే కూకుంటాదన్నమాట. దానికి కాఫీ పెట్టాలా, అక్కర్లేదా?”

ఇద్దరూ నవ్వుకున్నారు.

పెట్టె సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. దాన్ని మొదట చేసింది ఒక్క ఆట కోసం. ఆడేవాడు చీకటి కోటలో నడవాలి. అతనికి మూడు ప్రాణాలు. తప్పు చేసినప్పుడల్లా ఒకటి పోతుంది. వేరే దేశాల ఆటల్లో ప్రాణానికి గుండె బొమ్మ వేస్తారు. మనవాళ్ళకు దగ్గరగా ఉంటుందని వింధ్య గుండెలు తీయించి దీపాలు పెట్టించింది. ఆ మార్పుకి ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటి పనులు చేర్చవలసి వచ్చినప్పుడు అంతా కొత్తగా రాయడమెందుకని, ఆట ఎముకల మీదే ఇంటి పనుల చర్మం కప్పారు. పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం కోట అలాగే ఉంది.

మధ్యలో వచ్చిన శని, ఆదివారాలు ఆఫీసు పనితో వింధ్య రాలేకపోయింది. పదకొండో రోజు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా వచ్చింది. ఉత్తరం ఫోనులో రాసే ఉంది. సాయంత్రం పంపడమే తరువాయి.

పాకలో లేతు తిరుగుతోంది. ఇంట్లో కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. టీవీ మీద ఎండ పడకుండా కాబోలు. ఆ మసక గదిలో గవరమ్మ తెరకు మూరెడు దూరంలో నేల మీద కూర్చుని ఉంది. ఆటమీటల పలక ఒళ్ళో ఉంది. బొటనవేలు ఆకుపచ్చ మీట మీద ఉంది. అడుగుల చప్పుడికి తల తిప్పలేదు.

“వచ్చినావా. మాటాడకు. ఏళవుతున్నాది.”

తెర నల్లగా ఉంది. అందులో మూడు ప్రమిదలు. రెండింటిలో వెలుగు లేదు. ఒత్తి కొసల నుంచి సన్నని పొగ లేస్తూనే ఉంది. అది బొమ్మ పొగ కాబట్టి దానికి అయిపోవడమంటూ లేదు. మూడోది వెలుగుతోంది.

“మొదటిది బుధవారం కొండెక్కింది,” అంది గవరమ్మ గొంతు తగ్గించి. “మాత్ర ఏసుకున్నాను గానీ మీట నొక్కడం మరిసిపోనాను. రెండోది శుక్రవారం. కరెంటు పోయింది. నొక్కినా దానికి ఇనపళ్ళేదు. కరెంటు వచ్చాక నీ గొంతుతోటి ఆ మాట అన్నాది.”

ఏ మాటో వింధ్యకు తెలుసు. తనే రాసింది, తనే చదివింది. ‘ఒక దీపం ఆరిపోయింది.’ దీపం కొండెక్కిందనడమే తప్ప ఆరిపోయిందని ఎన్నడూ అనని ఇల్లు అది. ఆ వాక్యం రాసిన రోజున ఇలాంటి ఇల్లు ఆమెకు గుర్తు రాలేదు. తను పుట్టిన ఇంట్లోనూ ఆ మాట అనరన్నది కూడా గుర్తు రాలేదు.

“మూడోది కూడా కొండెక్కితే ఏటవుద్దమ్మా?”

“ఏమీ అవదు మామ్మా,” వింధ్య నవ్వబోయింది. “ఆట అయిపోతుంది. మళ్ళీ మొదలవుతుంది.”

“ఎవులికి మొదలవుద్ది?”

వింధ్య నోరు తెరిచేలోగా తెరలోంచి ఆమె గొంతే పలికింది. “గవరమ్మ గారూ, వేళయింది.”

ముసలావిడ వేలు చటుక్కున మీట నొక్కింది. “శభాష్. మీ దీపం వెలుగుతోంది,” అంది పెట్టె. గవరమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. వదిలి, అలాగే కూర్చుంది. చెయ్యి మాత్రల వైపు వెళ్ళలేదు.

వింధ్య కిటికీలో ఉన్న అట్ట తీసి చూసింది. ఏడు గుంటలే చిరిగి ఉన్నాయి. ఏడోది శుక్రవారం మాత్ర. ఆ తరవాత ఒక్కటీ చిరగలేదు. అప్పుడు ఆవిడ పాదాలు చూసింది. కాళ్ళ కడియాలు చుట్టూ ఉబ్బిన చర్మంలో కూరుకుపోయి ఉన్నాయి. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

“మామ్మా, మాత్ర వేసుకోలేదు మీరు.”

“మీట నొక్కినాను కదమ్మా. దీపం ఉన్నాది, సూడు.”

వింధ్యకు గాభరా పుట్టింది. ముందు ఈ భయం వదిలిస్తే మాత్ర దానంతటదే లోపలికి వెళ్తుందని తోచింది. దీపాలు పోవడం ఉత్తిదేనని కళ్ళారా చూపిస్తే చాలనుకుంది. ఒళ్ళోంచి పలక తీసుకుని, ఆట మళ్ళీ మొదలుపెట్టే మీట నొక్కింది.

తెర ఒక్క క్షణం పూర్తిగా చీకటైంది. ఆ చీకట్లోంచి గొంతు వచ్చింది. “గవరమ్మ గారి ఆట ముగిసింది.”

మూడు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి.

“కొత్తవారి పేరు చెప్పండి.”

గవరమ్మ తెర వైపు చూసింది. తరవాత వింధ్య పెదవుల వైపు చూసింది. అవి మూసే ఉన్నాయి. మళ్ళీ తెర వైపు చూసింది.

“ఇవి ఎవులివమ్మా?”

“మీవే మామ్మా. మూడూ మీవే.”

“నావి రెండు కొండెక్కినాయి. ఒక్కటి నా కాడ ఉండేది. ఈ మూడూ ఎవులింట్లోంచి తెచ్చినావు?”

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కొచ్చింది. నడిమింట్లో చాప పరుచుకుని, కొంగు సర్దుకుని, వెల్లకిలా పడుకుంది. వింధ్య మాత్రా నీళ్ళ గ్లాసూ పట్టుకుని పక్కన కూలబడింది.

“ఇంకెందుకమ్మా అది,” అంది గవరమ్మ. గొంతులో కోపం గానీ ఏడుపు గానీ లేవు. ఊరెళ్ళే బస్సు తప్పిపోయిన మనిషి మాట్లాడినట్టు ఉంది.

వింధ్య వాదించింది. అది బొమ్మ అంది, కరెంటు అంది, తనే రాసిన మాటలంది. కాలేజీ వాదన పోటీల్లో తొమ్మిది కప్పులు గెలిచిన నోరు. అంతా విని గవరమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

“అయిపోయిందని నువ్వే అన్నావు. అవలేదని నువ్వే అంటున్నావు. రెండూ నీ గొంతే. ఏది నమ్మమంటావు?”

ముందుగదిలోంచి వింధ్య గొంతే నిమిషానికోసారి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అడుగుతూనే ఉంది. “కొత్తవారి పేరు చెప్పండి.” ఆమె పరిగెత్తి తీగ పీకేసింది. గొంతు సగం మాటలో తెగింది. అక్కణ్ణుంచి పాకలోకి పరిగెత్తింది.

నూకాచారి గారు లేతు ఆపి అంతా విన్నారు. విన్నంతసేపూ చేతికంటిన రంగును తుడుచుకుంటూనే ఉన్నారు.

“నాలుగు రోజులా,” అన్నారు. తుడిచిన గుడ్డ పక్కన పడేశారు. “నానూ అడగడం మానీసినాను. అది అడుగుతున్నాది కదాని.”

నడిమింటి గడప దగ్గర నిలబడి, చాప మీద ఉన్న అక్కను చూశారు. దీపాల ఊసు ఎత్తలేదు. మాత్ర ఊసూ ఎత్తలేదు.

“అక్కా, మొగలాకు ఎవులూ నానబెట్టలేదేటి? లక్క పట్టీసినాను. ఎండాకుతోటి రుద్దితే మెరుపెలా వస్తాది?”

లక్క పూసిన బొమ్మకు నిగారింపు తెచ్చేది తడి మొగలాకే. అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో దాన్ని నానబెట్టేది గవరమ్మే.

వింధ్య ఆవిడ కొంగునే చూస్తోంది. అది లేచి పడుతోందో లేదో ఆ మసకలో తెలియలేదు.

“నాకు సెప్పినావా?” అంది గవరమ్మ, కళ్ళు తెరవకుండానే.

“అరవై ఏళ్ళ బట్టీ సెపితే నానబెడుతున్నావేటి?”

“పొద్దుటి నుంచీ లేతు కాడ కూకున్నావు కదా. బిందెలో ఆకు ఉన్నాదో లేదో సూసుకోవా?”

“బిందె నీ కాడుంటే నానేటి సూస్తాను?”

“సచ్చినా ఒగ్గడు ఈడు,” అంటూ గవరమ్మ మోచేతి మీద లేచింది. తమ్ముడు అందించిన మాత్రను తిట్టుకి తిట్టుకి మధ్య నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు ఆయన చేతిలోనే పెట్టి, గోడ పట్టుకుంటూ బిందె వైపు నడిచింది.

సాయంత్రం మండలం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. సూది మందు ఇచ్చి, పాదాలు నొక్కి చూసి, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే తనను పిలిచే పని ఉండేది కాదంది. ఆవిడ వెళ్ళాక వింధ్య పాకలో తన పీట మీద కూర్చుంది. ఫోనులో ఉత్తరం అలాగే ఉంది. నూకాచారి గారు ఎర్ర లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనించి ఉన్నారు.

“గురువుగారూ,” అంది వింధ్య, “తప్పు నాది. దీపాలు తీసేస్తాను. నా గొంతు తీసేస్తాను. ముగిసిందన్న మాట కూడా తీసేస్తాను. అప్పుడైనా ఆ పెట్టె ఇంటి పనులు చేయొచ్చు కదా?”

కర్ర ఒళ్ళంతా ఎర్రబడేదాకా ఆయన తలెత్తలేదు. ఆమె లేచిపోలేదు.

“తీసీ. తియ్యాల్సినవే,” అన్నారు చివరికి. “గానీ ఆ పెట్టికి ఓడిపోడమే తెలుసు. సచ్చిపోడం తెలీదు. మా అక్కకి సచ్చిపోడం ఒకటే తెలుసు, మళ్ళీ మొదలెట్టడం తెలీదు.”