అట్టగొట్టంలో బిరుదులు

కొండవరం రాజు మల్లభూపతికి ఒక శ్రావణమాసంలో విచిత్రమైన కోరిక పుట్టింది. మేడమీద ఉయ్యాల దిగకుండా కింద వంటింటికి కబురు చెప్పాలట! నౌకరు మెట్లు దిగి చెప్పి వచ్చేసరికి ఆయన ఆకలి కాస్తా చచ్చిపోతోందట. రాజుల కష్టాలు మనకేం తెలుస్తాయి లెండి.

వెంటనే భైరవామాత్యుడు పూనుకున్నాడు. కాగితాల మీద కాగితాలు గంజితో అతికించి, పైన బంగారు రేకు తాపడం చేసి, ఈ కొసన పలికితే ఆ కొసన వినపడే ఇరవై మూరల మాటగొట్టం చేయించి సభలో పరిచాడు. ధగధగలాడిపోతోంది. రాజు మురిసిపోయాడు.

విదూషకుడు తిప్పన మాత్రం పెదవి విరిచాడు. గంజి గొట్టం వంటింటి ఆవిరికి ఆగదనీ, రాగితో చేయిస్తే బాగుంటుందనీ అన్నాడు.

అమాత్యుడికి ఒళ్లు మండింది. నీళ్లు కుమ్మరించి ఏ వస్తువునైనా పాడుచేయొచ్చు, చుక్క నీరు దగ్గరికి తేకుండా నిరూపించమనండి, చేతకాకపోతే ఊరు విడిచి పొమ్మనండి అని పట్టుబట్టాడు. రాజు సరేనన్నాడు.

ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని ఈ ముసురులో తిప్పన ఎక్కడికని పోతాడు? మీసం మెలేస్తున్న అమాత్యుడు కంటపడగానే చేతులు జోడించాడు.

"ఒప్పుకున్నాను ప్రభూ. కానీ గొట్టంలో మొదట వినపడాల్సింది తమ బిరుదులే. అంతటి కంఠం ఈ సభలో అమాత్యులవారికి తప్ప ఎవరికుంది?"

అమాత్యుడు ఉబ్బిపోయాడు. గొట్టానికి మూతి ఆనించి, కళ్లు మూసుకుని అందుకున్నాడు. రాజుగారి బిరుదులు నూట ఎనిమిదీ అయ్యాయి. వాళ్ల తాతగారివీ అయ్యాయి. అవతలి కొసన చెవిపెట్టిన తిప్పన ఆహా ఓహో అంటుంటే, సొంత పద్యాలు కూడా మొదలెట్టాడు మహానుభావుడు. బయట ముసురు, లోపల ఎడతెగని ఊపిరి. గంజి నానింది, అంచు మెత్తబడింది. ఆయన కళ్లు తెరిస్తేగా!

ఇరవయ్యో పద్యం దగ్గర గొట్టం మూతి తడిసిన అప్పడంలా వాలిపోయింది. బంగారు రేకు ఊడి ఆయన మీసాలకు అతుక్కుంది.

ఏం చేశావురా అని రాజు తిప్పన మీద ఉరిమాడు.

"నేను చుక్క నీరైనా తేలేదు ప్రభూ. అమాత్యులవారి ఊపిరి తడికే ఇలా నానిపోయింది. ఇక పులుసు కాగే ఆవిరికి ఏమవుతుందో తమరే సెలవియ్యండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. రాజు తన చేతి కడియం తీసి తిప్పనకు తొడిగి, రాగి గొట్టం పని కూడా అతనికే అప్పగించాడు. తర్వాత అమాత్యుడి వైపు తిరిగాడు.

"పద్యాలు మళ్లీ వింటాం గానీ, ముందు ఆ మీసం కడుక్కుని రావయ్యా!"