నిప్పుల నూకాలు

అనగనగా, అగ్గిపెట్టె ఇంకా పుట్టనే పుట్టని రోజుల్లో, ఒక కొండ మీద మూడు పేటలుండేవి. కుమ్మరిపేట, సాలిపేట, మేదరిపేట. పడుచువాళ్ళంతా ఉప్పుమడుల పనికి దిగిపోయారేమో, కొండంతా తాతలూ అవ్వలే. అందరికీ మోకాళ్ళ నొప్పులు, అందరికీ ముక్కు మీద కోపం! పేటకీ పేటకీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఒక్కరికీ గుర్తులేదు, అదీ తమాషా.

ఆ కొండ మీదే కట్టెలేరుకునే నూకాలు ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. ఒక వానాకాలం పక్కింటి అవ్వ జ్వరంతో పోయింది. మూడు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. గోడ అవతలే ఉన్న నూకాలుకీ తెలియలేదు. అప్పట్నుంచి ఆమెకు ముద్ద దిగితే ఒట్టు. "ఇంకెవరూ ఇలా పోకూడదు" అనుకుంది.

మర్నాడే కుమ్మరిపేటకి వెళ్ళి ఒక తలుపు తట్టింది. "బాగున్నావా తాతా?"

కుమ్మరి కూర్మయ్య తాత మంచం మీంచే గయ్యిమన్నాడు. "చచ్చానేమోనని చూడ్డానికొచ్చావా? ఫో!"

సాలిపేటలో అవే తిట్లు. మేదరిపేటలోనూ అవే తిట్లు.

నూకాలు ఆలోచించింది. వీళ్ళకి ఒకరు తమని కనిపెట్టుకుని ఉండటం గిట్టదు. తామే ఒకరికి పెట్టడమంటే మాత్రం ప్రాణం. మరేం చేసిందనుకున్నారు? రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పితే తెల్లారేదాకా ఉంటాయి కదా, తెల్లారగానే తన పొయ్యిలో వాటి మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. కుండపెంకు పట్టుకుని బయల్దేరింది.

"నిప్పుందా తాతా?"

"ఉంది, రా! నీ పొయ్యికేం రోగమే?"

"మొద్దునిద్దర తాతా."

"పొయ్యికి కాదే, నీకు!" అంటూనే తాత ఎర్రటి నిప్పు ఏరి మరీ వేశాడు.

తర్వాత సాలిపేట. "నిప్పుందా అవ్వా? దారిలో ఆరిపోయింది." తర్వాత మేదరిపేట. అక్కడా అదే పాట. రోజూ ఇదే తంతు. రోజూ తిట్లు, రోజూ నిప్పు.

ఒకనాడు సాలిపేటలో "నిప్పుందా?" అంటే పైడవ్వ పలకలేదు. నూకాలు తలుపు తోసింది. అవ్వ కాలు విరిగి నేల మీద పడుంది. కట్లు కట్టే వైద్యుడేమో కొండ కింద!

నూకాలు మేదరిపేటకి పరిగెత్తింది. "వెదురుందా మావా?"

"సాలిపేట దారినే వస్తున్నావ్, వాళ్ళకా? ఇవ్వం."

"వాళ్ళకెందుకు, నాకే!"

"నీకైతే తీసుకో."

సాలిపేటలో పైడవ్వ దుప్పటే తీసుకుంది. కుమ్మరిపేటలో మోసే భుజాలడిగింది, అక్కడా నాకే అంది. వెదురుకి దుప్పటి కడితే డోలీ అయింది. మూడు పేటల ముసలాళ్ళు ఆయాసపడుతూ మోశారు. సగం దారిలో ఒకడు "అబ్బా, నా మోకాలు!" అన్నాడు. "నీకూనా?" అన్నాడు రెండోవాడు. అంతే, కిందికి దిగేదాకా మాటలే మాటలు! అవ్వ బతికింది. డోలీ కొండమీదే ఉండిపోయింది. వారం వారం వైద్యుడు పైకి రాసాగాడు. మూడు పేటలకీ ఒకే కుండలో గంజి కాగింది.

ఏళ్ళు గడిచాయి. నూకాలు తలా నెరిసింది. ఒక పొద్దున్న ఆమె రాలేదు. కూర్మయ్య తాత నిప్పు ఏరి పెట్టుకున్నాడు. నల్లబడింది. మళ్ళీ ఏరాడు. మళ్ళీ నల్లబడింది. మూడోసారి ఏరి కుండపెంకులో వేసుకుని, ఎన్నాళ్ళనుంచో గుమ్మం దాటని మనిషి, కర్ర పట్టుకుని గుమ్మం దిగాడు.

వెళ్ళి చూస్తే నూకాలు జ్వరంతో మూలుగుతోంది. జావ కాద్దామని తాత పొయ్యి కదిపాడు. బూడిద కింద నిప్పులు ఎర్రగా నవ్వాయి.

"ఓసి దొంగదానా! నీ పొయ్యిలో నిప్పుందే!"

"ఇవాళ లేచి ఆర్పలేకపోయాను తాతా. ఎవరికీ చెప్పకు."

తాత తను తెచ్చిన నిప్పు కూడా ఆ పొయ్యిలోనే వేశాడు. "మరి రేపట్నుంచి నేనెవరికివ్వాలే?" అన్నాడు ముక్కు చీదుతూ.

తాత నోట్లో మాట దాగుతుందా? మధ్యాహ్నానికల్లా మూడు పేటలూ ఆమె గుమ్మంలోనే. ఆ వారంలోనే నూకాలు పోయింది. ఒక చెయ్యి కూర్మయ్య తాత చేతిలో, ఒక చెయ్యి పైడవ్వ చేతిలో ఉండగా పోయింది.

ఇప్పుడా కొండ మీద ఇంటింటికీ గ్యాసుపొయ్యిలే. అయినా తెల్లారిందంటే పక్కింటి గుమ్మం ముందు ఒకటే కేక, "నిప్పుందా?" అని. "ఉంది, రా!" అని లోపల్నుంచి వినపడితే సరే. వినపడలేదో, మూడు పేటలూ డోలీ ఎత్తుకుని పరిగెడతాయి.