ఒకసారి ఎక్కువగా కడిగిన రేణువులు

సుభాషిణికి అన్యాయం జరిగింది మొన్న ఫాల్గుణంలో. తొమ్మిదిమంది ఉండే అత్తవారింట్లో ఆమె మూసుకోవడానికి ఒక తలుపు అడిగింది. వాళ్ళు ఆమె ఫోన్ని, బీరువా తాళాన్ని, చివరికి నిద్రని కూడా ఉమ్మడి ఆస్తి చేశారు. ఆమె పరిశోధన చేస్తున్న విశ్వవిద్యాలయం హాస్టలుకి వచ్చేస్తే, పెద్దలు కూర్చుని తిరిగి పంపాలని తేల్చారు. ఆమెను తప్ప అందర్నీ అడిగారు. ఒక్కదానివీ గోడలకి కబుర్లు చెప్పుకుంటావా అని ఆడపడుచు ఫోన్లో ఎత్తిపొడిచింది. తీసుకెళ్ళడానికి వచ్చిన మేనమామ ప్రయోగశాల గేటు దగ్గర కూర్చున్నాడు.

"ఒక్కదాన్నే ఉంటే ఆరిపోతానా మేడమ్?" అని సుభాషిణి తన గురువు వకుళాదేవిని అడిగింది.

వకుళాదేవి ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే మనిషి కాదు. పరదా దించి, బల్ల మీది రెండు సీసాలపై నీలం దీపం వేసింది. ఒకటి దానిమ్మ గింజలా ఎర్రగా వెలిగింది. రెండోదాంట్లో అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు.

మన గోడలకెక్కిన కొత్తరకం టీవీల్లో బొమ్మ వెనక ఉండేది ఈ నీలం దీపమే. దాని ముందు పల్చటి ప్లాస్టిక్ రేకు, రేకు నిండా కంటికానని రేణువులు. పదార్థం ఒకటే, పరిమాణం వేరు. కాస్త పెద్దది నీలాన్ని మింగి ఎరుపు కక్కుతుంది, చిన్నది ఆకుపచ్చ. ఆ రెండూ మిగిలిన నీలంతో కలిసి తెలుపవుతాయి. అందులోంచే తెర తన రంగులన్నీ ఏరుకుంటుంది. పక్కదానికి తగలకుండా ప్రతి రేణువు చుట్టూ నూనెలాంటి పొర ఉంటుంది. తగిలితే ఒకదాని వెలుగు ఒకటి తాగేసి, అన్నీ కలిసి చస్తాయి.

బల్ల మీది రెండు సీసాల్లోనూ ఉన్నవి ఈ రేణువులే. రెండోది సుభాషిణి చేసింది. శుభ్రం ఎంతైనా మంచిదేననుకుని ఆల్కహాల్‌తో ఒకసారి ఎక్కువ కడిగింది. పొర ఊడి, రేణువులు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి.

"ఇవి ఒంటరిగా లేవు," అంది వకుళాదేవి, మడ్డి చూపిస్తూ.

సుభాషిణి గేటు దాకా వెళ్ళి, తను రావడం లేదని మేనమామకి చెప్పింది. నలుగురికీ ఏం చెప్పుకోమంటావని మేనమామ సణిగాడు, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి ప్రయోగశాల ఖాళీ. వకుళాదేవి ఒక్కతే చిన్న డబ్బాలో పెరుగన్నం తింటోంది. 

మరి ఆ ఎర్ర సీసాలోవి సుఖంగా ఉన్నాయా అని సుభాషిణి అడిగింది.

"నూనె తక్కువైతే వెలుగు పోతుంది. ఎక్కువైతే రేకు గట్టిపడదు," అంది వకుళాదేవి. "ఎంత ఉంచాలో నాకింకా చేతికి రాలేదమ్మా."