చంద్రమండలం అక్షరాలు

తునిలో గవర్రాజని ఒకడుండేవాడు. బోర్డుల మీద అక్షరాలు వేయడంలో మొనగాడే గానీ, తనని మించినోడు ఈ భూమ్మీదే లేడని మహా టెక్కు. కంప్యూటర్ ముందు కూర్చుని సున్నా గీశాడంటే, దాని మీదెక్కిన చీమ మొదలెక్కడో తెలీక ఇప్పటికీ తిరుగుతానే ఉందంట. నమ్మకపోతే వెళ్ళి ఆ చీమనే అడగండి!

ఒకసారి గవర్రాజు ఆరు నెలలు కూర్చుని కొత్త ఫాంటు చేశాడు. అన్నీ గుండ్రాలూ, తిన్నటి గీతలూనే. తలకట్లు పీకేశాడు, తోకలు కోసేశాడు. "ఇంకో వందేళ్ళకి చంద్రుడి మీద కొట్లు పెడతారు కదా, ఆ బోర్డులకి ఇప్పుడే అక్షరాలు రెడీ!" అని ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పుడే నూకరత్నం పిన్ని బస్టాండు ఎదురుగా దిబ్బరొట్టి కొట్టు పెట్టుకుంది. ఇరవయ్యేళ్ళు ఎవరి హోటల్లోనో అంట్లు తోమిన మనిషి. ఈ కొట్టు నడవకపోతే మళ్ళీ ఆ అంట్ల దగ్గరికే పోవాలి.

"పెద్దగా కనపడేలా వెయ్యి నాయనా. బస్సు ఆగేది రెండు నిమిషాలే. కిటికీలోంచి చదువుకుని దిగాలి" అంది.

"నీ బోర్డు చూసి బస్సే దిగొస్తాది పిన్నీ!" అన్నాడు గవర్రాజు. చంద్రమండలం అక్షరాలే వేశాడు.

నాలుగో రోజు, పిన్ని మెచ్చుకుంటాదని వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఒకాయన మోటారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"పంచరు వేస్తారా అమ్మా? బోర్డు మీద టైర్లున్నాయి కదా!"

ఇంతలో బస్సాగింది. కిటికీలోంచి ఒకావిడ తొంగిచూసి, "గాజుల కొట్టా? ఎర్రవి ఉన్నాయా?" అని అరిచింది. ఒక్కరూ దిగలేదు. బస్సు వెళ్ళిపోయింది. పొయ్యి మీద రొట్టి మాత్రం ఘుమఘుమలాడతానే ఉంది.

"ఈ జనానికి చూపు లేదు" అని గొణిగాడు గవర్రాజు.

"పోన్లే అబ్బాయ్. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. బేరాలు లేవుగా, రోజంతా వాటినే చూస్తన్నాను. పాపం, వాటికి నోరు లేదంతే" అని నవ్వి, ఎర్రగా కాలిన రొట్టి ముక్క ఆకులో పెట్టింది పిన్ని. "తిను. చల్లారిపోద్ది."

తిన్నాడు. పైన కరకర, లోపల దూది. ఇంత రుచికి తన బోర్డే అడ్డంగా నిలబడిందని తెలిసేసరికి చప్పున లేచాడు.

ఆ పూటే పిన్నిని తన షాపుకి తీసుకెళ్ళి, కంప్యూటర్‌కి బస్సాగేంత దూరంలో స్టూలేసి కూర్చోబెట్టాడు. పిన్నిది రెండో క్లాసు చదువు. తెర మీద తన అక్షరం ఒకటి వేసి చూపించాడు.

"ఇదేంటి పిన్నీ?"

"పూరీలా ఉంది నాయనా."

తలకట్టు పెట్టాడు. "ఇప్పుడో?"

"ఆఁ, ఇప్పుడు పలుకుతోంది!"

పిన్ని నోట పలికేదాకా ఒక్కో అక్షరానికీ తలకట్టు పెట్టాడు, తోక తగిలించాడు. గుండ్రాల అందం ఎక్కడికీ పోలేదు.

మర్నాడు ఆ అక్షరాలతో కొత్త బోర్డు ఎక్కింది. బస్సు ఆగీ ఆగకముందే డ్రైవరు సీట్లోంచి పైకి చదివాడు: "వేడివేడి దిబ్బరొట్టి!" సగం బస్సు ఖాళీ అయింది. పిన్నికి రెండు చేతులూ చాలక, "అబ్బాయ్, ఆకులందుకో!" అని కేకేసింది. భూమ్మీద తనని మించినోడు లేడన్న మనిషి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆకులందించాడు.

కాబట్టి పిల్లలూ, మన పనితనం మనం చూసుకుని మురిసిపోడానికి కాదు. ఎవరి కోసం చేశామో వాళ్ళకి పనికొస్తేనే అది గొప్ప.