పాత జెట్టు

పైపు గ్యాసు వచ్చిన దగ్గర్నుంచీ దర్గా వంటింట్లో కబాబుల గ్రిల్లుకు వేడి చాలడం లేదు.

గురువారం సాయంత్రం ఎవరొచ్చినా రొట్టె, కబాబు పెట్టడం దర్గా పెద్ద లతీఫ్ షా బాబా పెట్టిన నియమం. వండేది ఆయన శిష్యుడు సుభానీ. ఒకప్పుడు రాజమండ్రిలో పెద్ద హోటల్లో కబాబు మాస్టరు. హోటలు వదిలేసి వచ్చాడు గానీ, ఎవరైనా "మాస్టరుగారూ" అంటే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాడు.

బర్నర్లు తోమాడు. నాబ్ చివరిదాకా తిప్పాడు. మంట మాత్రం గోరంత ఎత్తు దాటలేదు. మాంసం ఉడకదు, జనం తగ్గరు. చివరికి తలుపు ఒక రెక్క మూసి, హోటల్లోలా టోకెన్లు పంచాడు.

ఆ గురువారం విసిగిపోయి బాబా దగ్గరకు వెళ్లాడు.

"ఈ గ్యాసులో పస లేదు బాబా. మళ్లీ సిలిండర్లే తెప్పించండి. ఆకలితో వచ్చినవాళ్లు అలాగే తిరిగి వెళ్తుంటే చూడలేకపోతున్నాను."

"ఎవరు వెళ్లారు బేటా?"

"ముసలమ్మ కాశింబీ. టోకెన్లు అయిపోయాక వచ్చింది. టోకెన్ లేనిదే ప్లేటు లేదన్నాను. ఇప్పుడే బస్టాపు వైపు వెళ్లిపోయింది. ఏం చెయ్యను మరి?"

 బాబా వంటింట్లోకి నడిచి, గ్యాసు కట్టేయించి, గ్రిల్లు చల్లారేదాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత బర్నరు పక్కకు తీయించి, దాని వెనక గ్యాసు చిమ్మే ఇత్తడి జెట్టు విప్పించారు. చిక్కుడు గింజంత ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో కంత కనీకనపడకుండా ఉంది.

"ఇది ఏ గ్యాసుకు చేసింది?"

"సిలిండరుకు."

"ఇప్పుడొచ్చేది?"

సుభానీ తల దించుకున్నాడు. పైపు బిగించినవాడు చెప్పనే చెప్పాడు, "జెట్లు కూడా మార్చాలి అన్నా, ఈ గ్యాసుకు కంత పెద్దది కావాలి" అని. "పొయ్యిల సంగతి నాకే చెప్తావా!" అని కసిరి, అతనిచ్చిన పొట్లాం తనే అటక మీద పడేశాడు.

ఆ పొట్లాం దింపి జెట్లన్నీ మార్చాడు. అగ్గిపుల్ల గీయగానే గ్రిల్లు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మంట లేచింది. సీకుల మీద మాంసం చుయ్యిమంది. సుభానీకి ప్రాణం లేచొచ్చింది.

"గ్యాసులో ఏ లోపమూ లేదు బాబా!"

బాబా పాత జెట్టు అతని అరచేతిలో పెట్టి గుప్పిట మూశారు.

"హోటలు వదిలి వచ్చావు బేటా. ఈ ఇరుకు కంత మాత్రం వెంట తెచ్చుకున్నావు."

సుభానీ గుప్పిట విప్పి ఆ కంత వైపు చూశాడు. తర్వాత తలుపు రెండో రెక్క కూడా తీశాడు. వేడి కబాబులు రొట్టెల్లో చుట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బస్టాపుకు పరిగెత్తాడు.

బస్సు ఇంకా రాలేదు. కాశింబీ బల్ల చివర కూర్చుని ఉంది. రొట్టెలతో చాచిన అతని చేతుల్ని చూసి కంగారుపడింది.

"నా దగ్గర టోకెన్ లేదు నాయనా."

 సుభానీ రొట్టెలు ఆమె ఒళ్లో పెట్టి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.