పైడి చెప్పని మాట

మన తాతలకు తాతలైనవాళ్ళు కూడా ఉయ్యాలలో ఉన్న కాలంలో, కొండల నడుమ మేఘపురమనే పట్టణం ఒకటి ఉండేదట. సముద్రపు ఒడ్డు నుంచి ఆ పట్టణానికి ఉప్పు తెచ్చి అమ్మేవాడు భద్రయ్య. అతనికి పైడి అని ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. ఇంకా పాలపళ్ళైనా ఊడలేదు. భద్రయ్య ఎక్కడికి వెళ్ళినా కూతుర్ని బండిలో కూర్చోబెట్టుకునే వెళ్ళేవాడు.

ఒకసారి కొండ కనుమలో దొంగలు ఆ బండిని చుట్టుముట్టారు. భద్రయ్య గబగబా పిల్లను ఉప్పు బస్తాల సందున దాచి, పైన గోనెపట్టా కప్పాడు.

"కిక్కురుమనకు తల్లీ" అన్నాడు.

పైడి ఊపిరి బిగబట్టింది. గోనెపట్టాకు ఒకచోట చిరుగు ఉంది. ఆ చిరుగులోంచి పసిపిల్లలు చూడకూడనిదంతా చూసింది.

తర్వాత ఆ దారిన వచ్చిన బాటసారులు పైడిని మేఘపురం చేర్చి, మేనత్త సూరమ్మకు అప్పగించారు. "నీ తమ్ముడు ఇక రాడమ్మా" అని గుమ్మంలోనే చెప్పి తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

ఆనాటి నుంచి పైడికి మాట పడిపోయింది. పిలిస్తే చూసేది, పలికేది కాదు. పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడేది. వీధిలో బండి చప్పుడైతే చాలు, గాదె వెనక దూరి మోకాళ్ళలో తల పెట్టుకునేది.

సూరమ్మ మంచి మనిషి. తమ్ముడంటే ప్రాణం. కానీ పిల్ల ముందు ఏడవకూడదని కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళేది. ముఖం కడుక్కుని నవ్వుతూ వచ్చేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలతో, "దీని ముందు మా తమ్ముడి మాట ఎత్తకండమ్మా. చిన్నపిల్ల, అదే మరిచిపోతుంది" అనేది.

పైడి మరిచిపోలేదు. ఆ ఇంట్లో నాన్న పేరు ఎవరూ పలకడం లేదని మాత్రం గమనించింది. నాన్న మీద అత్తకు కోపం వచ్చిందేమో అనుకుంది. కాదు, కోపం తన మీదనేమో. ఇంటినిండా మనుషులు మసలుతూనే ఉండేవారు. పైడి మాత్రం ఆ బస్తాల సందునే ఉన్నట్టుండేది.

పిల్ల సంగతి పట్టణమంతా పాకింది. అందరికీ జాలేసింది.

ముందుగా పట్టు వర్తకుడు ధనగుప్తుడు వచ్చాడు. దంతపు బొమ్మ, వెండి గిలక్కాయ, పంచదార చిలకలు తెచ్చి పైడి ఒడిలో పోశాడు. "ఇవన్నీ నీకే చిట్టితల్లీ! ఏదీ, ఒక్కసారి నవ్వు!" అన్నాడు. పైడి నవ్వలేదు. చిలకలకు చీమలు పట్టాయి.

తర్వాత ఆస్థాన వైద్యుడు వచ్చాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు. తేనెలో చేదు వేరు అరగదీసి పోశాడు. పైడి కిమ్మనకుండా మింగింది. మాట మాత్రం రాలేదు.

చివరకు సుబాహు మహారాజే పిలిపించాడు. భటులు అప్పటికే ఆ దొంగలను పట్టి బంధించారు. రాజు వాళ్ళను సంకెళ్ళతో సభలోకి రప్పించి, "చూడు తల్లీ! వీళ్ళేగా? ఇక నీకేం భయం లేదు" అన్నాడు.

పాపం, రాజు మంచి మనసుతోనే చేశాడు. సంకెళ్ళ చప్పుడు వినగానే పైడి గజగజ వణికిపోయింది. నిలబడ్డచోటే పరికిణీ తడిసిపోయింది. సూరమ్మ పిల్లను ఎత్తుకుని, రాజుకు దండమైనా పెట్టకుండా ఇంటికి పరుగెత్తింది.

ఆ తర్వాత పైడి ఒక ఆట మొదలుపెట్టింది. బావి దగ్గరి తడిమట్టితో ఎద్దులను చేసేది, బండి చేసేది, మనుషులను చేసేది. అన్నిటినీ వరుసగా నిలబెట్టి పుల్లతో కొట్టి చిందరవందర చేసేది. మళ్ళీ చేసేది, మళ్ళీ కొట్టేది.

"అదేం ఆటమ్మా, అపశకునం!" అన్నారు పొరుగువాళ్ళు. సూరమ్మ హడలిపోయి ఆ బొమ్మలన్నీ ఏరి పారేసింది. "వద్దు బంగారం, అవన్నీ తలుచుకోకు" అంది. పైడి పేచీ పెట్టలేదు. పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడనిచోట ఒక్కతే ఆడుకోసాగింది.

ఒక మధ్యాహ్నం అన్నానికి పిలవబోయి సూరమ్మ అక్కడికి వచ్చింది. పిల్ల చేతిలో పుల్ల చూసింది. లాక్కుందామని చెయ్యి చాచింది. కానీ చెయ్యి ఆడలేదు. మట్టిబండి ముందు రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడ్డ ఒక మట్టిమనిషి కనిపించాడు.

సూరమ్మ ఆ మట్టిలోనే కూలబడింది. "వీడు నా తమ్ముడు" అంది. అంతకాలం దాచిన ఏడుపంతా ఒక్కసారి పొంగి వచ్చింది. "భద్రా... నా తండ్రీ..." అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

పైడి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. అత్తకు నాన్న మీద కోపం లేదు! మెల్లగా దగ్గరికి జరిగింది. మట్టిచేత్తో అత్త చెంప తుడిచింది.

బండిలో ఒక ఆకు కింద చిన్న ముద్ద ఉంది. సూరమ్మ దాన్ని ముట్టుకోకుండా, "ఇదెవరమ్మా?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. తొందరపెట్టలేదు. కొట్టంలో ఆవు నెమరు వేస్తోంది. అన్నం చల్లారిపోతోంది. సూరమ్మ కదలలేదు.

"నేను" అంది పైడి.

గొంతు బొంగురుగా ఉంది. ఎన్నాళ్ళకో వచ్చిన మాట.

"నేను తుమ్మాను అత్తా. నాన్న కిక్కురుమనొద్దన్నాడు. గోనె దుమ్ముకి తుమ్మొచ్చింది. నేను తుమ్మబట్టే వాళ్ళు నాన్నను..."

ఇంత చిన్న గుండెలో ఇంత బరువా! సూరమ్మ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"కాదు తల్లీ. ఆ దొంగలు పొద్దున్నుంచే కనుమలో పొంచి ఉన్నారట. పట్టుబడ్డాక వాళ్ళే చెప్పారు. నువ్వు తుమ్మినా, తుమ్మకపోయినా వాళ్ళు చేసే పాపం చేసేవాళ్ళే. తప్పు వాళ్ళది. నీది కాదు."

ఆ సంగతి పట్టణంలో అందరికీ తెలుసు. పైడికే ఎవరూ చెప్పలేదు.

"మరి నాన్న వస్తాడా?" అంది పైడి.

అబద్ధం సూరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "రాడమ్మా. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. నేను మాత్రం నీ దగ్గరే ఉంటాను."

అప్పుడు పైడి ఏడ్చింది. బావురుమని, ఊరంతా వినబడేలా ఏడ్చింది. సూరమ్మ ఊరుకోమనలేదు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. తర్వాత చల్లారిన అన్నమే కలిపి ఒక పళ్ళెంలో తిన్నారు.

మర్నాటికే భయం పోయిందా అంటే, పోలేదు. చాలాకాలం పైడి బండి చప్పుడుకు వణుకుతూనే ఉంది. సూరమ్మ మాత్రం ఆ ఆటను మళ్ళీ ఆపలేదు. పక్కనే కూర్చుని, పిల్ల ఇమ్మన్న మట్టి కలిపి ఇచ్చేది. పొయ్యి దగ్గర పనిచేస్తూ, భద్రయ్య చిన్నప్పుడు చేసిన అల్లరి చెప్పేది. పైడి, "అప్పుడు నాన్న ఏమన్నాడు?" అని అడిగేది.

వానాకాలం వచ్చింది. ఒకనాడు చెవులు పగిలేలా ఉరిమింది. వంటింట్లో ఉన్న సూరమ్మ గాదె వైపు పరుగు తీసింది. గాదె వెనక ఎవరూ లేరు. ఇంతలో వెనక నుంచి రెండు చిన్న చేతులు ఆమె నడుమును వాటేసుకున్నాయి.

"అత్తా, నాకు భయమేస్తోంది" అంది పైడి పెద్దగా.

సూరమ్మ ఆమెను గుండెకు హత్తుకుంది.

భయపడిన బిడ్డను మరిచిపొమ్మనకుండా, పక్కన కూర్చుని చెప్పినదంతా విని, నిజం చెప్పి ధైర్యమివ్వడమే పెద్దల ధర్మం.